లోరెంజో లాంగ్‌స్ట్రాత్

లోరెంజో లోరైన్ లాంగ్‌స్ట్రాత్ (డిసెంబరు 25, 1810 - అక్టోబరు 6, 1895) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన క్రైస్తవ మతబోధకుడు, ఉపాధ్యాయుడు, తేనెటీగల పెంపకందారు. పట్టును కోయకుండా, ఈగలను చంపకుండా తెరచి చూడగలిగే చట్రాల తేనెపెట్టెను ఇతడు 1851లో రూపొందించాడు. నేడు అనేక దేశాలలో వాడుకలో ఉన్న తేనెపెట్టెకు లాంగ్‌స్ట్రాత్ పెట్టె అన్న పేరు ఇతని వలననే వచ్చింది. అమెరికాలో తేనెటీగల పెంపకానికి ఇతనిని పితామహుడుగా పేర్కొంటారు. ఈ పెట్టె వలన తేనె తీయడం సులభమైనది. అంతకంటె ముఖ్యంగా, చలి వీడక వసంతం ఆలస్యమైన సంవత్సరాలలో ఆకలికి నశించిపోయే తేనెటీగల కుటుంబాలను ముందుగా గుర్తించి కాపాడుకొనే వీలు కలిగింది.

బాల్యము, విద్య

లాంగ్‌స్ట్రాత్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించాడు. తల్లిదండ్రుల ఎనిమిదిమంది సంతానంలో ఇతడు రెండవవాడు. చిన్నతనం నుండి పురుగులను గమనించడంలో ఇతనికి అమితమైన ఆసక్తి ఉండేది. చీమల బారులను చూస్తూ నేలమీద మోకరిల్లి గంటలు గడిపేవాడు. ఆ విధంగా బట్టలు చినిగిపోతున్నాయని ఇంట్లో దండన కూడా పొందాడు. కీటకాల పరిశీలన చదువుకు అడ్డమని పెద్దలు భావించిన కాలమది.

ఇతడు యేల్ కళాశాలలో చదివి 1831లో పట్టభద్రుడయ్యాడు. తరువాత రెండేళ్ళపాటు (1834-1836) అక్కడే గణితం బోధించాడు. 1836లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆండోవర్‌లో ఒక చర్చికి పాస్టరుగా నియమితుడయ్యాడు. అదే సంవత్సరం అన్నా టక్కర్‌తో వివాహం జరిగింది. అనారోగ్యం వలన ఆ పదవిని ఎక్కువకాలం నిర్వహించలేకపోయాడు. తరువాత ఆండోవర్, గ్రీన్‌ఫీల్డ్, ఫిలడెల్ఫియాలలో బాలికల పాఠశాలలలో పనిచేశాడు. మధ్యలో కొన్నేళ్ళు గ్రీన్‌ఫీల్డ్‌లోనూ పాస్టరుగా ఉన్నాడు.

తేనెటీగలతో పరిచయము

1838 వేసవిలో ఒక మిత్రుని ఇంటికి వెళ్ళినపుడు బల్లమీద ఒక గాజు పాత్రలో తేనెతో నిండిన పట్టు ఇతని కంటబడింది. ఈగలు ఎక్కడ ఉన్నాయని అడుగగా మిత్రుడు ఇంటి అటక మీదికి తీసుకొనిపోయి చూపించాడు. ఆ సాయంత్రమే లాంగ్‌స్ట్రాత్ రెండు తేనెటీగల కుటుంబాలను కొనుక్కొని ఇంటికి చేరాడు. తరువాత స్విట్జర్లాండుకు చెందిన అంధ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్వా హ్యూబర్ పరిశోధనలనూ, ఇంగ్లాండుకు చెందిన ఎడ్వర్డ్ బెవన్ గ్రంథాన్నీ చదివి, వారి పద్ధతులలోని పెట్టెలను తానే వాడి చూశాడు.

అప్పటి పెంపకం పద్ధతులు

ఆ రోజులలో తేనెటీగలను గడ్డితో అల్లిన బుట్టలలోనూ, బోలు దుంగలలోనూ, మామూలు చెక్క పెట్టెలలోనూ పెంచేవారు. ఈగలు తమ పట్టును పైకప్పుకు, పక్క గోడలకు అతికించి కట్టుకుంటాయి. కనుక లోపల ఏమున్నదో చూడాలంటే పట్టును కత్తితో కోయవలసిందే. శరదృతువులో తేనె తీయడానికి చాలాచోట్ల గంధకపు పొగ పెట్టి మొత్తం కుటుంబాన్ని చంపివేసేవారు. మిగిల్చిన కుటుంబాలు చలికాలం గడచి బ్రతికి ఉన్నదీ లేనిదీ వసంతంలో ఈగలు బయటకు ఎగిరినపుడు మాత్రమే తెలిసేది. పెట్టె బరువును చేతితో ఎత్తి అంచనా వేయడం తప్ప లోపలి తేనె నిల్వను తెలుసుకొనే మార్గం లేదు.

చట్రాల ఆలోచన లాంగ్‌స్ట్రాత్‌కు ముందు కూడా ఉన్నది. ఉక్రెయిన్‌కు చెందిన పెట్రో ప్రొకొపొవిచ్ 1814లోనే చట్రాల పెట్టెను తయారుచేశాడు. సైలీషియాకు చెందిన యాన్ జిర్జోన్ పైకడ్డీల పద్ధతిని అభివృద్ధి చేశాడు. అయితే ఈ పెట్టెలలో ఈగలు చట్రాలనో, పట్టు అంచులనో గోడలకు అంటించివేయడం వలన ప్రతిసారీ వాటిని విడదీయవలసి వచ్చేది.

ఈగ దారి

బెవన్ పెట్టెలోని కడ్డీలకూ మూతకూ మధ్య లాంగ్‌స్ట్రాత్ సుమారు 3/8 అంగుళం ఖాళీ వదిలాడు. దానితో ఈగలు మూతను అంటించడం మానివేశాయి. 1851 అక్టోబరులో ఇదే ఖాళీని చట్రానికి నాలుగు వైపులా వదిలితే ఏ చట్రాన్నైనా విడిగా పైకి తీయవచ్చునన్న ఆలోచన అతనికి తట్టింది.

దీని వెనుక ఉన్న సూత్రం సులభమైనది. ఖాళీ సుమారు 6 మిల్లీమీటర్లకంటె తక్కువైతే ఈగలు దానిని చెట్ల బంకతో చేసిన ప్రోపోలిస్ అనే జిగురుతో పూడ్చివేస్తాయి. సుమారు 9 మిల్లీమీటర్లకంటె ఎక్కువైతే అందులో అదనంగా మైనపు పట్టు కడతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని మాత్రం తాము నడిచే దారిగా వదిలివేస్తాయి. దీనిని ఈగ దారి అనవచ్చును. ఫిలడెల్ఫియాలోని వడ్రంగి, తేనెటీగల ప్రేమికుడు హెన్రీ బోర్క్విన్ ఇతనికి తొలి పెట్టెలను తయారుచేసి ఇచ్చాడు. 1852 అక్టోబరు 5న ఈ పెట్టెకు పేటెంటు లభించింది.

ఆలస్యమైన వసంతము - పెట్టె ఉపయోగము

లాంగ్‌స్ట్రాత్ నివసించిన మసాచుసెట్స్, ఒహాయో వంటి శీతల ప్రాంతాలలో తేనెటీగల కుటుంబానికి నడి చలికాలంకంటె వసంతారంభమే పెద్ద గండము. చలికాలంలో ఈగలు ఒక ముద్దగా చేరి, నిల్వ తేనెను కొద్దికొద్దిగా తింటూ ఒకదానికొకటి వెచ్చదనం ఇచ్చుకుంటాయి. చలికాలం చివరకు వచ్చేసరికి రాణి ఈగ తిరిగి గుడ్లు పెడుతుంది. పిల్లలు ఉన్న భాగాన్ని సుమారు 34-35 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచవలసి ఉంటుంది. ఈ వేడికీ, పిల్లల మేతకూ తేనె ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది.

సాధారణంగా ఆ సమయానికి విల్లో, మేపుల్ చెట్లు పూచి పుప్పొడి దొరుకుతుంది. తరువాత డాండెలయన్, పండ్ల తోటలు, క్లోవర్ వరుసగా పూస్తాయి. వసంతం ఆలస్యమైతే పూలు ఉండవు. ఉన్నా 10 డిగ్రీలకంటె తక్కువ చలిలో ఈగలు మేతకు ఎగరలేవు. శరదృతువులో పుట్టిన ముసలి ఈగలు రోజురోజుకూ చనిపోతుంటాయి. గుడ్డు నుండి కొత్త కూలి ఈగ రావడానికి 21 రోజులు పడుతుంది. ఈ వ్యవధిలో తేనె అయిపోతే పూలు పూయడానికి కొద్దిరోజుల ముందే కుటుంబమంతా ఆకలితో నశిస్తుంది. పక్క చట్రంలో తేనె ఉన్నా, చలికి ముద్దను విడిచి అక్కడికి పోలేక మరణించడం కూడా కద్దు.

కదిలే చట్రాల వలన ఈ స్థితిలో పెంపకందారు చేయగలిగిన పనులు ఇవి:

* గాలి లేని, కొంత వెచ్చని మధ్యాహ్నం పెట్టె తెరచి తేనె నిల్వను, రాణి ఉన్నదీ లేనిదీ త్వరగా చూడడం. అర అడుగున నిలబెట్టినట్లున్న గుడ్డు కనబడితే రాణి కోసం వెదకనక్కరలేదు.
* తేనె ఉన్న చట్రాన్ని ఈగల ముద్దకు ఆనుకొని ఉండేలా జరపడం, లేదా నిల్వ ఎక్కువగా ఉన్న మరొక పెట్టె నుండి ఒక చట్రం తెచ్చి పెట్టడం.
* ఖాళీ చట్రాలను తీసి అడ్డుపలకతో చోటును ఇరుకు చేయడం. దీనివలన తక్కువ ఈగలు కూడా వెచ్చదనాన్ని నిలుపుకోగలవు.
* రాణి లేని కుటుంబాన్ని, రాణి ఉన్న మరొక కుటుంబంతో కలిపివేయడం.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉన్నది. చల్లని రోజున పెట్టెను ఎక్కువసేపు తెరచి ఉంచితే పిల్లలు చలికి చనిపోతాయి. పిల్లలున్న చట్రాలను తొందరపడి దూరదూరంగా జరిపినా ఇదే జరుగుతుంది. కనుక చలి వసంతంలో తక్కువసార్లు తెరచి, ఒకేసారి అవసరమైన పని ముగించడం మంచి పద్ధతిగా స్థిరపడింది.

గ్రంథ రచన

1853లో లాంగ్‌స్ట్రాత్ తేనెపెట్టె, తేనెటీగల గురించి వ్రాసిన గ్రంథం వెలువడింది. వ్రాతప్రతి సిద్ధం చేయడంలో భార్య అన్నా సహాయపడింది. ఇందులో ఈగలకు మేత ఇవ్వడం, పెట్టెలో గాలి ప్రసరణ, రాణిని కోల్పోయిన కుటుంబాలు, ఒక కుటుంబం మరొకదానిని దోచుకోవడం వంటి విషయాలను వివరించాడు. 1889లో షార్ల్ దాదాన్, అతని కుమారుడు ఈ గ్రంథాన్ని సవరించి విస్తరించారు.

ఆక్స్‌ఫర్డ్ జీవితము

1858లో కుటుంబంతో సహా ఒహాయో రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ పట్టణానికి మారాడు. పది ఎకరాల స్థలంలో ఈగల మేతకోసం ఆపిల్ చెట్లు, క్లోవర్, బక్‌వీట్ పెంచాడు. కుమారుడు జేమ్స్‌తో కలిసి ఇటలీ జాతి రాణి ఈగలను పెంచి దేశంలోని ఇతర ప్రాంతాలకు అమ్మాడు.

పేటెంటు వలన ఇతనికి చెప్పుకోదగిన లాభం రాలేదు. పెట్టె నిర్మాణం సులభం కావడంతో అనేకులు అనుమతి లేకుండా తయారుచేసుకున్నారు. వ్యాజ్యాలు ఖర్చును మిగిల్చాయి. జీవితమంతా ఇతనిని తీవ్రమైన మానసిక కుంగుబాటు మళ్ళీమళ్ళీ బాధించింది. ఆ రోజులలో తేనెటీగల మాట వినడానికి కూడా ఇష్టపడేవాడు కాదు. తేరుకున్న తరువాత తిరిగి ఉత్సాహంతో పనిలో దిగేవాడు. 1870లో కుమారుడు జేమ్స్, 1873లో భార్య మరణించారు.

చివరి దినములు

1887లో ఒహాయోలోనే ఉన్న డేటన్ నగరానికి మారాడు. 1895 అక్టోబరు 6, ఆదివారం నాడు అక్కడి ఒక చర్చిలో ప్రసంగం ప్రారంభించిన కొద్దిసేపటికే మరణించాడు. డేటన్‌లోని వుడ్‌లాండ్ శ్మశానంలో ఇతని సమాధి ఉన్నది. ఆక్స్‌ఫర్డ్‌లో ఇతడు నివసించిన ఇంటిని అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది.

భారతదేశంలో

మన దేశపు పుట్ట తేనెటీగ ఐరోపా తేనెటీగకంటె చిన్నది. దీనికోసం దక్షిణ భారతదేశంలో ఫాదర్ న్యూటన్ 1911-17 మధ్య చిన్న చట్రాల పెట్టెను రూపొందించాడు. దానిలోనూ ఈగ దారి సూత్రమే ఉన్నది, కొలతలు మాత్రం తక్కువ. 1960వ దశకంలో పంజాబు, హిమాచల్ ప్రదేశ్ ప్రాంతాలలో ఐరోపా తేనెటీగ స్థిరపడిన తరువాత లాంగ్‌స్ట్రాత్ పెట్టెల వాడకం దేశంలో వ్యాపించింది. తెలుగు ప్రాంతాలలో మంచు వసంతం లేదు. అయితే పూలు దొరకని వానాకాలపు రోజులలో చట్రం ఎత్తి నిల్వ చూసి, పంచదార పాకం ఇచ్చే పద్ధతికి ఆధారం లాంగ్‌స్ట్రాత్ వదిలిన ఆ 3/8 అంగుళం ఖాళీయే.