గొరిల్లాల నెచ్చెలి డయాన్ ఫాసీ

విద్యార్థులారా! మీలో మైసూరు జంతుప్రదర్శనశాలను చూచినవారు పెక్కుమంది యుందురు. 2021లో జర్మనీ దేశము నుండి రెండు గొరిల్లాలు అచ్చటికి వచ్చినవి. టిక్కెట్టు కొని, దూరముగా నిలిచి వానిని చూచుట సులభము. కాని గొరిల్లాలు స్వేచ్ఛగా తిరుగాడెడి కొండ యెక్కి, అడ్డుగోడ లేక వాని నడుమ కూర్చుండుట యెట్టిది? ఆ సాహసమును చేసి, అందుకై ప్రాణమునే యొడ్డిన ఒక వనిత జీవితమును తెలిసికొందము.

డయాన్ ఫాసీ 1932 జనవరి 16వ తేదీన అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున ఆమె తల్లిదండ్రులు విడిపోయిరి. మారుతండ్రి యింట ఆమె బాల్యము ఒంటరిగా గడచెను. చిన్ననాటి నుండియు జంతువులనిన ఆమెకు మిక్కిలి మక్కువ. పశువైద్యురాలు కావలెనని కళాశాలలో చేరినది గాని, భౌతిక రసాయన శాస్త్రములలో తప్పెను. అయినను ఆమె క్రుంగిపోలేదు. అంగవైకల్యము గలవారికి చేతిపనుల ద్వారా స్వస్థత కలిగించు విద్యను నేర్చి, 1954లో పట్టభద్రురాలయ్యెను. పిమ్మట లూయివిల్ నగరమున వికలాంగ బాలుర వైద్యశాలలో పనిచేసెను. మాటాడుటకు జంకెడి పసివారి మనసు తెలిసికొనవలెనన్న తొందర పనికిరాదు. వారి ప్రక్కన కూర్చుండి, వారంతట వారు దరిచేరు వరకు వేచియుండవలెను. ఈ యోర్పే ముందునాళ్ళలో ఆమెకు పెట్టుబడి యయ్యెను.

1963లో అప్పు చేసి యామె ఆఫ్రికాకు పయనమయ్యెను. అచ్చట ఓల్డువై లోయలో ప్రాచీన మానవుని అస్థికలను పరిశోధించుచున్న లూయీ లీకీ పండితుని దర్శించెను. ఆ లోయలోనే కాలు బెణికినను, కుంటుచునే విరుంగా పర్వతము లెక్కి, తొలిసారి గొరిల్లాలను చూచెను. మూడేండ్లకు లీకీ అమెరికా వచ్చినపుడు, గొరిల్లాలను గూర్చి పరిశోధించు పనిని ఆమెకు అప్పగింప నిశ్చయించెను. వైద్యులు లేని యడవికి పోవుటకు ముందు అపెండిక్సును తీయించుకొనుట మేలని ఆయన చెప్పగా, ఆమె వెంటనే శస్త్రచికిత్స చేయించుకొనెను. అది ఆమె పట్టుదలను పరీక్షించుటకు చెప్పిన మాటయే యని తరువాత తెలిసెను!

1967 జనవరిలో ఆమె కాంగో దేశపు కొండలపై పని ప్రారంభించెను. ఆరు నెలలకే అచ్చట కల్లోలము చెలరేగి, సైనికులు ఆమెను కొండ దింపి నిర్బంధించిరి. ఆమె తప్పించుకొని, అదే సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన పొరుగున నున్న రువాండాలో, సుమారు 3000 మీటర్ల యెత్తున మరల గుడారము వేసెను. కరిసింబి, విసోకే అను రెండు కొండల పేర్లను కలిపి ఆ తావునకు కరిసోకే యని పేరిడెను.

మొదట ఆమెను చూచినంతనే గొరిల్లాలు పారిపోయెడివి. ఆమె నిటారుగా నడచుట మానెను. మోకాళ్ళపై ప్రాకెను. అవి తినెడి ఆకుకాడలను నమలెను. అవి తృప్తిగా నున్నపుడు గొంతులో చేయు గురగుర ధ్వనిని వినివిని నేర్చెను. ముక్కుపై ముడుతలను బట్టి ఒక్కొక్కదానిని గుర్తించి పేరు పెట్టెను. మూడేండ్ల యెదురుచూపు ఫలించి, 1970లో పీనట్సు అను మగ గొరిల్లా తనంతట తాను చేయి చాచి ఆమె చేతిని తాకెను. క్రూరమృగమని లోకము భయపడిన ఆ జంతువు ఆకులు, వెదురు మొలకలు తిని, పిల్లలను లాలించుచు బ్రతుకు సాధుప్రాణి యని ఆమె లోకమునకు చాటెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆమెకు డాక్టరు పట్టము నొసగెను.

ఆ గొరిల్లాలలో డిజిట్ అనునది ఆమెకు ప్రాణసమానము. 1977 డిసెంబరు 31వ తేదీన వేటగాండ్రు వచ్చినపుడు, తన గుంపు తప్పించుకొను వరకు అది యెదిరించి పోరాడి, బల్లెపు పోట్లకు నేలకొరిగెను. వారు దాని తలను, చేతులను నరికి కొనిపోయిరి. ఆ దుఃఖము ఆమెను మార్చివేసెను. డిజిట్ పేర నిధి నెలకొల్పి, ఉచ్చులను తొలగించుటకు మనుష్యులను నియమించెను. కాని పట్టువడిన వేటగాండ్రను కఠినముగా శిక్షించెను. చుట్టుపట్ల పేదలతో వైరము పెంచుకొనెను. గొరిల్లాల యెడ చూపిన యోర్పును మనుష్యుల యెడ చూపలేకపోయెను. 1985 డిసెంబరు చివర, ఒక రాత్రి ఆమె తన కుటీరముననే హత్యకు గురియయ్యెను. హంతకు డెవ్వరను వివాదము నేటికిని తీరలేదు. డిజిట్ సమాధి చెంతనే ఆమెను ఖననము చేసిరి.

యాత్రికుల రాకను ఆమె వ్యతిరేకించెను. మనుష్యుల రోగములు గొరిల్లాలకు సోకునని ఆమె భయము. అది నిజమైన భయమే. అందుచేతనే నేడు రువాండాలో ఒక గుంపును చూచుటకు దినమునకు ఎనిమిది మందినే, ఒక గంట మాత్రమే అనుమతింతురు, రోగులను రానీయరు. యాత్రాదాయములో పదవ వంతు చుట్టుపట్ల గ్రామములకు చెందును. ఉచ్చులు పన్నిన చేతులే నేడు కొన్ని యెడల గొరిల్లాలను కాచుచున్నవి. 1980 ప్రాంతమున విరుంగా కొండలలో సుమారు 250 మాత్రమే మిగిలిన గొరిల్లాలు, 2018లో వెలువడిన లెక్క ప్రకారము 604కు పెరిగినవి. ఆమె నిలిపిన ప్రాణములకు, గ్రామస్థుల సహకారము తోడయ్యెను.

ప్రియ విద్యార్థులారా! మన మారతహళ్ళిలో ఇంట తెలుగు, వీథిలో కన్నడము వినుచు మీరు పెరుగుచున్నారు. ఎదుటివాని పలుకును ఓర్పుతో విని నేర్చినవానికి వారి తలుపు తెరచుకొనునని ఫాసీ జీవితము చెప్పుచున్నది. ఆ యోర్పును కొందరికే పరిమితము చేసిన కలుగు నష్టమును కూడ అదియే చెప్పుచున్నది. తల్లిదండ్రులారా! ఒక పరీక్షలో తప్పిన బిడ్డకు దారులన్నియు మూసికొనిపోవు. రసాయన శాస్త్రమున తప్పిన ఆ బాలిక ఒక జాతినే నిలబెట్టినదని మరువకుడు.