నమ్మి వచ్చినవారికి నీడనిచ్చిన దుర్గాబాయి

న్యూఢిల్లీ: దక్షిణ ఢిల్లీలోని సరోజినీ నగర్ స్టేషన్‌లో మెట్రో రైలెక్కి పింక్ లైన్ మీదుగా పడమటి దిశగా సాగితే మూడో స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. ఆ స్టేషన్ 2018 మార్చి 14న, సరోజినీ నగర్ స్టేషన్ అదే ఏడాది ఆగస్టు 6న ప్రారంభమయ్యాయి. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు పేరు ఒక కాలనీకి, ఒక సంతకు, ఒక స్టేషన్‌కు నిలిచింది. మూడు స్టేషన్ల అవతల నిలిచిన పేరు రాజమహేంద్రవరంలో పుట్టిన మరో మహిళది. 1930లో ఉప్పు సత్యాగ్రహం ఇద్దరినీ జైలుకు పంపింది. మొదటి పేరు తెలిసినంతగా రెండో పేరు ఉత్తరాది ప్రయాణికులకు తెలియదు.

స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, రాజ్యాంగ సభ సభ్యురాలు, ప్రణాళికా సంఘం సభ్యురాలు, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలు... దుర్గాబాయి నిర్వహించిన బాధ్యతల జాబితా పొడవైనది. అయితే ఈ పదవులన్నింటి వెనుకా ఒకే పని కనిపిస్తుంది. జీవితంలో దెబ్బతిని ఎవరినీ నమ్మలేని స్థితికి చేరిన స్త్రీల నమ్మకం సంపాదించడం, ఆ తర్వాత వారు తమ కాళ్లపై తాము నిలబడేలా చూడటం.

కాకినాడలో తొలి పరీక్ష

1909 జులై 15న జన్మించిన దుర్గాబాయి బాల్యం కాకినాడలో గడిచింది. ఎనిమిదేళ్ల వయసులో ఆమెకు ఒక జమీందారీ కుటుంబంలోని యువకుడితో పెళ్లి చేశారు. యుక్తవయసు వచ్చాక ఆ బంధంలో కొనసాగలేనని ఆమె భర్తకే స్వయంగా చెప్పి, మరో వివాహం చేసుకోమని సూచించారు. తండ్రి, సోదరుడు ఆమె నిర్ణయానికి అండగా నిలిచారు. ఆడపిల్ల అభిప్రాయం అడగడమే అరుదైన ఆ రోజుల్లో అది సామాన్యమైన విషయం కాదు.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసినప్పుడు దుర్గాబాయికి ఇంకా పన్నెండేళ్లు నిండలేదు. పట్టణంలోని దేవదాసీ స్త్రీలు, పరదా పాటించే ముస్లిం స్త్రీలు ఆయనను చూడాలని, ఆయన మాట వినాలని ఆమె కోరుకున్నారు. బహిరంగ సభలకు వారెవరూ రాలేరు. వారికోసం కొన్ని నిమిషాలు కేటాయించాలని అడిగితే, అయిదు వేల రూపాయల నిధి సమర్పించాలని స్థానిక నాయకులు షరతు పెట్టారు. చిన్నపిల్ల వెనక్కి తగ్గుతుందని అనుకుని ఉంటారు. ఆ డబ్బు కూడగట్టినది ఆ స్త్రీలే. సభ జరిగింది. గాంధీజీ అనుకున్న సమయానికి మించి అక్కడ ఉన్నారు. నగలు తీసి ఇచ్చినవారిలో దుర్గాబాయి కూడా ఉన్నారు. ఆయన హిందీ ప్రసంగాన్ని ఆమె తెలుగులో వినిపించిన తీరు నచ్చి, తర్వాతి సభలోనూ అనువాద బాధ్యత ఆమెకే అప్పగించారు.

సంఘం పక్కన పెట్టిన స్త్రీలు ఒక బాలిక మాట నమ్మి డబ్బు ఇవ్వడం, ఆ మాటను ఆమె నిలబెట్టుకోవడం ఈ ఘట్టంలోని అసలు విశేషం. దుర్గాబాయి ఆ తర్వాత కట్టిన సంస్థలన్నింటికీ మూలం ఇక్కడే కనిపిస్తుంది. ఆ రోజుల్లోనే ఆమె బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా నిలబడి, టికెట్ లేదన్న కారణంతో జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన సంఘటన తెలుగు నాట ప్రసిద్ధం. టికెట్ తెప్పించాకే ఆయనను లోపలికి వెళ్లనిచ్చారు.

జైలు చూపిన దారి

1930 నుంచి 1933 వరకు సత్యాగ్రహ ఉద్యమంలో దుర్గాబాయి మూడుసార్లు జైలుకు వెళ్లారు. మదురై జైలులో ఆమెను ఒంటరి గదిలో ఉంచారు. ఉరిశిక్ష పడినవారి గదులు ఆ పక్కనే ఉండేవి. ఆ నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. వేలూరు జైలులో ఎదురైన అనుభవం ఆమె జీవితాన్ని మరో దారికి మళ్లించింది. హత్యానేరంపై శిక్ష అనుభవిస్తున్న సామాన్య స్త్రీలు అక్కడ చాలామంది ఉన్నారు. వారికి చదువు లేదు, వకీలు లేడు, తమకు చట్టం ఇచ్చే రక్షణ ఏమిటో తెలియదు. వారి కథలు వింటూ, ఓదార్పు ఒక్కటే చాలదని, చట్టం తెలిసినవారు పక్కన నిలబడాలని దుర్గాబాయి నిర్ణయించుకున్నారు.

అప్పటికి ఆమెకు మెట్రిక్ కూడా లేదు. విడుదలయ్యాక బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు చదివి ఉత్తీర్ణురాలయ్యారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో డిగ్రీకి చేరబోతే మహిళలకు వసతి గృహం లేదని ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి చెప్పారు. వాల్తేరులో చదవదలచిన యువతులు ముందుకు రావాలని ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చారు. వచ్చిన కొద్దిమందితోనే వసతి ఏర్పాటు చేసుకున్నారు. తర్వాత మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేసి 1942లో న్యాయవాద వృత్తిలో ప్రవేశించారు.

ఆంధ్ర మహిళా సభ

చదువుకుంటున్న కాలంలోనే, 1937లో, మద్రాసు మైలాపూరులో ఆంధ్ర మహిళా సభకు ఆమె పునాది వేశారు. మొదట అది ఇరుగుపొరుగు పిల్లలు ఆటపాటలకు చేరే చిన్న బృందం. పిల్లల వెంట తల్లులు వచ్చారు, వారి వెంట వితంతువులు, భర్త వదిలేసిన స్త్రీలు వచ్చారు. బడి వయసు దాటిన వీరిని చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో మానేస్తారు. అందుకే వారికోసం ప్రత్యేక తరగతులు పెట్టి, తక్కువ కాలంలో మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేశారు. కుట్టుపని, చేతివృత్తులు నేర్పారు. కాలక్రమంలో నర్సింగ్ హోమ్, నర్సుల శిక్షణ, నడవలేని పిల్లలకు ఆర్థోపెడిక్ కేంద్రం వెలిశాయి. తర్వాతి దశాబ్దాల్లో హైదరాబాద్‌లో ఆసుపత్రి, కళాశాల, వయోజన విద్యా కేంద్రం ఏర్పడ్డాయి.

దుర్గాబాయి సంపాదించిన నమ్మకానికి కొలమానంగా నిలిచే ఉదంతం ఒకటుంది. ఆమె విడిచి వచ్చిన భర్త తర్వాత మరో వివాహం చేసుకుని 1941లో మరణించారు. అత్తింట ఆదరణ కరవైన ఆయన భార్య సాయం కోసం దుర్గాబాయిని ఆశ్రయించారు. ఆంధ్ర మహిళా సభ ఆమెను చేర్చుకుని శిక్షణ ఇచ్చింది. తర్వాత ఆమె ఉద్యోగంలో స్థిరపడ్డారు. లోకరీతిలో శత్రుత్వం ఉండవలసిన చోట ఒక స్త్రీ ఆశ్రయం వెతుక్కోవడం, అది ఆమెకు దొరకడం దుర్గాబాయి సేవాదృష్టికి నిదర్శనం.

ఢిల్లీలో విస్తరించిన పని

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికైన దుర్గాబాయి ఢిల్లీ చేరారు. మనుషుల అక్రమ రవాణాను నిషేధించే అధికరణంపై 1948లో చర్చ జరిగినప్పుడు ఆమె దేవదాసీ ఆచారాన్ని ప్రస్తావించారు. కాకినాడలో బాలికగా చూసిన గాయం ఢిల్లీలో రాజ్యాంగ చర్చకు చేరింది. అయితే చట్టం ఒక ఆచారాన్ని ఆపగలదు గానీ, బతుకుదెరువు చూపలేదు. ఆ లోటు పూడ్చే పని 1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుతో మొదలైంది.

ప్రణాళికా సంఘంలో ఉండగా దుర్గాబాయి పట్టుబట్టింది ఒక్క విషయానికే. అనాథలు, వితంతువులు, వికలాంగులు ప్రభుత్వ కార్యాలయం గడప తొక్కడానికి భయపడతారు. ఊళ్లో తమకు తెలిసిన సేవా సంస్థ దగ్గరికి మాత్రం వస్తారు. కాబట్టి ప్రభుత్వ ధనం ఆ సంస్థలకే చేరాలి. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఇందుకు 4 కోట్ల రూపాయలు కేటాయించారు. బోర్డులోనూ, రాష్ట్రాల్లోని దాని శాఖల్లోనూ అధికారులతో పాటు స్వచ్ఛంద సేవికలకు స్థానం లభించింది. 1954 నుంచి కొన్ని గ్రామాల సముదాయానికి ఒకటి చొప్పున సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు మొదలై బాలవాడీ, ప్రసూతి సహాయం, చేతిపనుల శిక్షణ పల్లెలకు చేరాయి.

1958లో బోర్డు చదువు మధ్యలో ఆగిన వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. మైలాపూరులోని తరగతి గది ఇప్పుడు దేశవ్యాప్త పథకమైంది. అలా చదివినవారు గ్రామ సేవికలు, నర్సులు, ఉపాధ్యాయినులు అయ్యారు. ఒకప్పుడు సాయం పొందిన చేతులే సాయం అందించేవిగా మారడం ఈ పథకం ఉద్దేశం. అదే ఏడాది ఏర్పాటైన జాతీయ మహిళా విద్యా కమిటీకీ దుర్గాబాయి అధ్యక్షత వహించారు. అంధుల సహాయ సంఘం అధ్యక్షురాలిగా ఢిల్లీలో అంధులకు పాఠశాల, వసతి గృహం, ఇంజినీరింగ్ పనుల కార్ఖానా నెలకొల్పారు.

1953 జనవరి 22న ఆమె అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. నెహ్రూ సాక్షి సంతకం చేశారు. 1975లో దంపతులిద్దరికీ పద్మవిభూషణ్ లభించింది.

మిగిలిన ఫలితం

1953లో చైనా పర్యటనలో కుటుంబ న్యాయస్థానాల పనితీరు చూసిన దుర్గాబాయి, అలాంటివి భారత్‌లోనూ రావాలని న్యాయకోవిదులతో, నెహ్రూతో చర్చించారు. భార్యాభర్తల తగాదాలు, మనోవర్తి, పిల్లల సంరక్షణ వంటి విషయాలు మామూలు సివిల్ కోర్టుల వాయిదాల్లో నలిగితే దెబ్బతిన్న మనుషులు మరింత దెబ్బతింటారన్నది ఆమె ఆలోచన. 1981 మే 9న ఆమె కన్నుమూసే నాటికి అది నెరవేరలేదు. మూడేళ్ల తర్వాత, 1984లో పార్లమెంటు కుటుంబ న్యాయస్థానాల చట్టం చేసింది. శిక్ష కన్నా రాజీకి ప్రాధాన్యం, కోర్టులోనే కౌన్సెలర్లు, వకీలు లేకున్నా వాది తన మాట చెప్పుకునే వీలు అందులో ముఖ్యాంశాలు. వేలూరు జైలులోని స్త్రీలకు దొరకనిది సరిగ్గా అదే.