గడియ లేని ఇల్లు

తరగతిలో మాట వినని పిల్లవాడికి మొదట దెబ్బలు, ఆ తర్వాత టీసీ. మనకు బాగా అలవాటైన పద్ధతి ఇది. జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిష్ విషెర్న్ అనే యువకుడు ఇందుకు పూర్తిగా భిన్నమైన దారి పట్టాడు.

1808లో పుట్టిన విషెర్న్ పదిహేనేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నాడు. పెద్దకొడుకు కావడంతో ట్యూషన్లు చెప్పి ఇంటికి ఆసరా అయ్యాడు. వేదాంతవిద్య ముగించి, 1832లో ఊళ్లోని పేదల పేటలో సండేస్కూలు బాధ్యత తీసుకున్నాడు. పిల్లలను వెతుక్కుంటూ వాళ్ల ఇళ్లకు వెళితే అక్కడ ఆకలి, తాగుడు, తిట్లు కనిపించాయి. ఆదివారం విన్న వాక్యం సోమవారం ఆ ఇంట్లో ఎలా నిలుస్తుంది? ఈ పిల్లలకు పాఠంతో పాటు ఇల్లూ కావాలని ఆయనకు అర్థమైంది.

1833లో ఒక దాత ఇచ్చిన పాత ఇంట్లోకి తల్లిని, చెల్లెలిని వెంటబెట్టుకుని వెళ్లాడు. దాని పేరు రౌహెస్ హౌస్. ఆ ఏడాది ముగిసేలోగా పన్నెండు మంది మగపిల్లలు చేరారు. దొంగతనాలు, అబద్ధాలు, కొట్లాటలు మరిగినవాళ్లు. వచ్చిన ప్రతివాడికీ విషెర్న్ మొదట చెప్పిన సంగతి, గతమంతా క్షమించేశామని! ఇక్కడ ప్రహరీ లేదు, తలుపుకు గడియ లేదు, కట్టి ఉంచేది ప్రేమ ఒక్కటేనని చెప్పేవాడు. మార్పు కనిపించాక క్షమించడం మనకు తెలుసు, ఆయన క్షమాపణతోనే మొదలుపెట్టాడు. తప్పిపోయిన కుమారుని తండ్రి కూడా లెక్కలు అడగలేదు కదా!

అలాగని గాలికి వదిలేయలేదు. పది పన్నెండు మందిని ఒక కుటుంబంగా చేసి, వాళ్లతోనే తిని, పడుకునే ఒక 'అన్న'ను ప్రతి కుటుంబానికీ పెట్టాడు. చదువుతో పాటు తోటపని, వడ్రంగం, చెప్పులు కుట్టడం నేర్పించారు. ఒక్కొక్కరి స్వభావం గమనించి విడివిడిగా రాసిపెట్టేవాడు. అందరికీ ఒకే మందు వేయలేదన్నమాట. ఆ అన్నలకు శిక్షణ ఇవ్వడం కూడా పెద్ద పనే అయింది. 1848లో విట్టెన్‌బర్గ్ సభలో ఆయన చేసిన ప్రసంగం జర్మనీ ప్రొటెస్టెంటు సంఘాలను ఇలాంటి సేవలోకి కదిలించింది.

ఈ పిల్లలకు ఓపిక తక్కువ. క్రిస్మస్ ఎప్పుడని రోజూ ప్రాణం తీసేవారు. విషెర్న్ విసుక్కోలేదు. 1839లో ఒక బండిచక్రం తెచ్చి, ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు ఇరవై చిన్న ఎర్రవి అమర్చాడు. రోజుకొకటి వెలిగించేవారు. ఎన్ని రోజులున్నాయో పిల్లలే లెక్కపెట్టుకున్నారు. ఆగమనకాలంలో కొన్ని సంఘాల్లో కొవ్వొత్తులు పెట్టే ఆకుల చక్రం అలా మొదలైనదే.