కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడుగారు

విశాఖపట్టణమున సముద్రతీరపు బాటను నడచువారికి పెక్కుమంది మహనీయుల విగ్రహములు కానవచ్చును. వానిలో ఒక మల్లయోధుని విగ్రహమును కలదు. ఆయన రాజ్యము నేలినవారు కారు, గ్రంథములు రచించినవారును కారు. తమ దేహబలముచేతనే ఆంధ్రుల పేరును దేశదేశములకు వినిపించినవారు. ఆయనయే కలియుగ భీముడని ప్రజలచే పిలువబడిన కోడి రామమూర్తి నాయుడుగారు.

ఆయన 1882వ సంవత్సరమున వీరఘట్టమున జన్మించిరి. ఆ గ్రామము నాడు విశాఖపట్టణము జిల్లాలోనిది. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. 2022 నుండి పార్వతీపురము మన్యము జిల్లాలో నున్నది. బాల్యముననే తల్లిని కోల్పోయిన ఈ బాలుని తండ్రి వెంకన్న నాయుడుగారు గారాబముగా పెంచిరి. చదువుకంటె ఆటపాటలయందే మనస్సు నిలుచుటచే, ఆయనను విజయనగరమున పోలీసుశాఖలో నుద్యోగము చేయుచున్న పినతండ్రి నారాయణస్వామిగారి యొద్దకు పంపిరి. అచ్చటి వ్యాయామశాలలో చేరినది మొదలు ఆ బాలుని జీవితమునకు ఒక దారి దొరకినది.

గరిడి యనగా ఏమో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. మెత్తగా త్రవ్విన మన్ను, ఆంజనేయస్వామి పటము, దండెములు, బస్కీలు, కఱ్ఱసాము, అన్నిటిపైని వస్తాదుగారి మాట. ఐనను గరిడిలో అలవడునది బలమొక్కటియే కాదు. వస్తాదుకు ఎవడు ముఖ్యశిష్యుడు, గోదాలో ఎవడు ముందు దిగవలెను, జాతరలో ఏ గరిడి పేర పందెము కట్టవలెను అను తగవులును అచ్చటనే మొలకెత్తును. ఒక పెద్దయింటివారు ఒక శిష్యుని, వేరొక యింటివారు మరియొక శిష్యుని వెనుక నిలిచిరేని గరిడి రెండుగా చీలును. బలవంతులు పదిమంది కూడినచోట ఈ చిక్కు తప్పదు.

రామమూర్తిగారి జీవితమును పరికించినచో, ఆయన తమ నైపుణ్యమును ఇట్టి యిరుకులో నిలిపియుంచలేదని తెలియును. విజయనగరమున పేరు వచ్చిన పిమ్మట అచ్చటి వస్తాదుగిరితో తృప్తి నొందక, చెన్నపట్టణపు సైదాపేటకు పోయి, వ్యాయామోపాధ్యాయ శిక్షణమును పొంది, పట్టము గొని తిరిగివచ్చి విజయనగరపు పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులైరి. గోదాలోని విద్య ఈ రీతిగా బడిపిల్లల కందినది.

పిదప పొట్టి పంతులు అను మిత్రుని సహాయముతో సర్కసును నెలకొల్పిరి. ఈ జట్టును గూర్చి ఒక్క మాట చెప్పవలెను. ప్రదర్శనలోని బలము నాయుడుగారిది. కూడబెట్టుట, నడుపుట పంతులుగారి సామర్థ్యము. ఒకరి పని కొకరు అడ్డు రాకుండిరి. డేరా కట్టువారు, జంతువులను సాకువారు, ఆటగాండ్రు, వంటవారు కలిసి ఊరూర తిరుగు సంసారమునకు ఈ విభాగమే ఆధారము.

ఉక్కుగొలుసును ఛాతికి బిగించి, ఊపిరి పూరించి త్రెంచుట, రెండు మోటారుకార్లను రెండు భుజములకు కట్టి కదలనీయకుండుట, ఱొమ్ముపై పలక నుంచి ఏనుగును నడిపించుట ఆయన ప్రదర్శనలలో ముఖ్యమైనవి. వైస్రాయి మింటో ప్రభువు ఎక్కిన కారును సైతము ఆపిరని ప్రసిద్ధి.

ఏనుగు ఱొమ్ముపై అడుగిడునప్పుడు ఆ మహాబలుని ప్రాణము ఎవరి చేతిలో నుండెను? పలకను ఎన్నువాని చేతిలోను, దానిని సరిగా ఉంచువాని చేతిలోను, మావటివాని చేతిలోను ఉండెను. తన బలముతోపాటు పదిమంది నమ్మకముపై ఆయన పడుకొనెడివారు. ఒకమారు విదేశమున ఈర్ష్యాళువులు బలహీనమగు పలకను పెట్టించిరనియు, అది విఱిగి ప్రక్కటెముకలు విఱుగగా లండనులో శస్త్రచికిత్స పొంది నెలలతరబడి మంచము పట్టిరనియు ఆయన జీవితకథలలో చెప్పుదురు. కోలుకొనిన పిదప ఆయన పగ తీర్చుకొనుటకు పూనుకొనక, మరల ప్రదర్శనలకే దిగిరని ఆ కథలయందే వినవచ్చును.

పూనాలో లోకమాన్య తిలకుగారు ఆయనను మిక్కిలి ప్రోత్సహించిరి. ఇంగ్లండున జార్జి చక్రవర్తి దంపతుల యెదుట ప్రదర్శన మిచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదు నందిరని చెప్పుదురు. ఆయన శాకాహారి. ప్రాణాయామమును నిత్యము సాధించెడివారు. మాంసము తిననిదే కండ రాదని వాదించు యువకులకు ఆయన దేహమే సమాధానమై యుండెను. సంపాదించిన ధనమును దానధర్మములకు, జాతీయోద్యమమునకు ఉదారముగా వెచ్చించిరి.

చివరి దినములలో కాలికి వచ్చిన పుండు ముదిరి కాలు తీసివేయవలసి వచ్చినది. మత్తుమందు నొల్లక, ప్రాణాయామమున మనస్సు నిలిపి శస్త్రచికిత్సకు లోబడిరని ప్రతీతి. లక్షలు గడించిన ఆయనకు తుదకు మిగిలినది స్వల్పము. ఒరిస్సాలోని బలంగీరులో, అచ్చటి సంస్థానాధీశుని ఆదరణలో నుండి, 1942 జనవరి 16వ తేదీన దివంగతులైరి.

శ్రీకాకుళమున క్రీడాప్రాంగణమునకు ఆయన పేరు పెట్టిరి. విశాఖ తీరమున విగ్రహము నిలిపిరి. కాని ఆయన సర్కసు ఆయనతోనే పోయినది. ఒక్కని దేహముపై నిలిచిన సంస్థ ఆ దేహము నలిగినప్పుడు నలుగును. ఆయన విద్యలో బడికి చేరినంత భాగమే, ఆయన పేరుతో నిమిత్తము లేకుండ, పిల్లలనుండి పిల్లలకు సాగగలిగినది.

గరిడియైనను గ్రంథాలయమైనను ఊరు ఉమ్మడిగా నిలుపుకొనవలసినదే. అధ్యక్షుడెవరు, తాళపుచెవి ఎవరి యొద్ద నుండవలెను అను తగవులు ఇచ్చటను రావచ్చును. అవి వచ్చినప్పుడు మన యువకులు ఈ వీరఘట్టపు బిడ్డను తలంచుకొందురు గాక. నేర్చినవాడు తన తరువాతివానికి నేర్పవలెను. పని నెఱిగినవానికి ఆ పని నప్పగింపవలెను. నమ్మి పడుకొన్నవాని ఱొమ్ముపై గట్టి పలకనే ఉంచవలెను. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన చేతులకు ఇది క్రొత్త పాఠము కాదు. రానున్న ఇరువదియైదేండ్లకు మాత్రము మరల మరల చెప్పుకొనదగినది.