మొలక కొనలోని రహస్యం

చార్లెస్ డార్విన్ పేరు వినగానే మనకు జీవపరిణామ సిద్ధాంతం గుర్తుకొస్తుంది. నర్సరీల్లో కొమ్మ ముక్కలకు వేళ్ళు పుట్టించే పొడికీ ఆయనకూ సంబంధం ఉందంటే మనలో చాలామంది ఆశ్చర్యపోతాం.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లాండులోని ష్రూస్‌బరీలో జన్మించారు. తండ్రి వైద్యుడు. కొడుకునూ వైద్యం చదవడానికి ఎడిన్‌బరో పంపారు. మత్తుమందు లేని ఆ కాలపు శస్త్రచికిత్సలు చూడలేక డార్విన్ ఆ చదువు మానేశారు. 1831లో బీగిల్ ఓడ ఎక్కి, దాదాపు ఐదేళ్ళు ప్రపంచమంతా తిరిగారు. 1842లో కెంట్‌లోని డౌన్ గ్రామానికి చేరాక, చివరి వరకూ నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. నాన్నకో అమ్మకో బదిలీ అయినప్పుడల్లా బడి మారే మనకు ఇది వింతగానే ఉంటుంది!

ముసలితనంలో ఆ ఇంట్లోనే కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి గడ్డి మొలకలను పరిశీలించారు. మొలక వెలుగు వైపు వంగుతుంది. కొనకు వెలుగు తగలకుండా చిన్న టోపీ తొడిగితే వంగలేదు. కింది భాగాన్ని కప్పితే మాత్రం వంగింది. అంటే వెలుగును గుర్తించేది కొన, వంగేది దాని కింది భాగం. కొన నుంచి ఏదో ప్రభావం కిందికి దిగుతోందని 1880లో పుస్తకం ప్రచురించారు.

జర్మనీలో పేరుమోసిన వృక్షశాస్త్రవేత్త యూలియస్ జాక్స్ దీన్ని ఒప్పుకోలేదు. ఆ వివాదం తేలకముందే, 1882 ఏప్రిల్ 19న డార్విన్ కన్నుమూశారు. ఆ ప్రభావం ఏమిటో ఆయనకు తెలియనే లేదు.

1920లలో హాలండ్‌కు చెందిన ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల కొనలను కోసి అగర్ ముక్కలపై ఉంచారు. కొనల్లోని పదార్థం అగర్‌లోకి దిగింది. ఆ అగర్‌ను కొన లేని మొలకపై ఒక పక్కకు పెడితే చీకట్లో కూడా మొలక వంగింది! ఆ పదార్థమే ఆక్సిన్ అనే హార్మోను.

తర్వాత శాస్త్రవేత్తలు ఆక్సిన్‌లా పనిచేసే రసాయనాలను ప్రయోగశాలల్లో తయారుచేశారు. ఐ.బి.ఎ. కొమ్మ ముక్కలకు వేళ్ళు పుట్టిస్తుంది. ఎన్.ఎ.ఎ.ను మామిడి పిందెలు రాలకుండా, అనాస త్వరగా పూతకు రావడానికి వాడతారు. 2,4-డి అయితే వెడల్పాకు కలుపు మొక్కలను చంపుతుంది. మోతాదు తప్పితే మేలు చేసే మందే పంటకు హాని చేస్తుంది. అందుకే రైతులు కొలత చూసి చల్లుతారు.

ఖరీదైన పరికరాలు లేకుండానే డార్విన్ ఈ దారి తెరిచారు. మనమూ కిటికీ దగ్గరి కుండీ మొక్క ఎటు వాలిందో చూసి, కుండీని వెనక్కి తిప్పి, నాలుగు రోజులు ఓపికగా గమనిద్దాం.