ఓడల గణితజ్ఞుడు చాప్‌మన్

1628వ సంవత్సరమున స్వీడను రాజు కట్టించిన వాసా యను మహానౌక తొలి ప్రయాణముననే, మైలు దూరమైనను సాగకమున్నే, స్టాక్‌హోము రేవులో గాలికి ఒరిగి మునిగిపోయెను. దానిని కట్టినవారు చేతకానివారు కారు. ఆ కాలమున ఓడ రూపము కంటి కొలతను, పెద్దల వాడుకను బట్టియే నిర్ణయింపబడుచుండెను. అది నీటిలో నెట్లు నిలుచునో ముందుగా లెక్కించు మార్గము లేకుండెను.

ఈ లోపమును గణితముచే తీర్ప బూనినవారిలో ఫ్రెడ్రిక్ హెన్రిక్ చాప్‌మన్ అగ్రగణ్యుడు. ఇతడు 1721లో స్వీడనులోని గోథెన్‌బర్గున జన్మించెను. తండ్రి ఇంగ్లండునుండి వచ్చి స్వీడను నౌకాదళమున చేరినవాడు; తల్లి లండను నౌకానిర్మాత కుమార్తె. యౌవనమున లండనులో ఓడల వడ్రంగిగా పనిచేసి, తిరిగివచ్చి ఒక భాగస్వామితో కలిసి కార్ఖానా నడపెను. గణితము రానిదే ఓడ గుణదోషములు తెలియవని గ్రహించి, 30 ఏండ్లకు చేరువైన ప్రాయమున తన వాటా నమ్మివైచి మరల విద్యార్థి యయ్యెను. లండనులో థామస్ సింప్సను అతనికి గురువు. అచ్చటి ఓడల కార్ఖానాలను చూచుచుండగా అధికారులు అనుమానించి నిర్బంధించి, కాగితములను లాగికొనిరి. విడుదలయై, హాలెండు, ఫ్రాన్సులు తిరిగి 1757లో స్వదేశము చేరెను.

వంపులు తిరిగిన ఓడ పొట్ట ఘనపరిమాణమును కనుగొనుటెట్లు? దోసకాయను చక్రములుగా తరిగినట్లు, నీట మునుగు భాగమును సమదూరములలో కోసినట్లు పటముపై భావింపవలెను. కోతల సంఖ్య బేసిగా నుండవలెను. మొదటి, చివరి కోతల వైశాల్యములను ఒక్కమారును, నడిమివానిని వరుసగా 4, 2, 4 మారులును తీసికొని కూడి, కోతల నడిమి దూరములో మూడవవంతుచే గుణించిన ఘనపరిమాణము దాదాపుగా తేలును. అంత నీటి బరువే ఓడ మొత్తము బరువు. సింప్సను పేర ప్రసిద్ధమైన ఈ సూత్రమును చాప్‌మన్ ఓడలకు క్రమముగా ప్రయోగించెను.

1768లో 62 పటములతో నౌకాచిత్ర గ్రంథమును, 1775లో నౌకానిర్మాణ శాస్త్రమును ప్రకటించెను. 1782 మొదలు మూడేండ్లలో కార్ల్స్‌క్రోనాలో 10 పెద్ద యుద్ధనౌకలను, 10 ఫ్రిగేట్లను ఒకే మాదిరి కొలతలతో కట్టించెను.

పేరుపొందిన ఓడల కోతలను పోల్చిచూడగా, వాని వైశాల్యములు పరావలయము వంటి వక్రరేఖను అనుసరించునట్లు అతనికి తోచెను. అంతట ముందు ఆ రేఖను గీసి, దానినుండియే ఓడ రూపమును రాబట్టు పద్ధతి కల్పించెను. ఇది సాహసమే; సముద్రము ఎల్లప్పుడు సూత్రమునకు లోబడదు. ఆ సంగతి ఎరిగినవాడు కనుకనే, వార్ధక్యమునను చిన్న నమూనాలను నీటిలో బరువులచే లాగించి నిరోధమును కొలుచుచుండెను. 1808లో కార్ల్స్‌క్రోనాలో మరణించునప్పటికి అతనికి 86 ఏండ్లు.