ఇంటింటికీ కొలతలు పంచిన దర్జీ

సావనీరుకు వ్యాసం రాయమనగానే మా సైన్సు విద్యార్థుల్లో చాలామంది న్యూటన్ మహాశయుని దగ్గరికో, సర్ సి.వి. రామన్ గారి దగ్గరికో వెళ్తారు. నేను మాత్రం ఒక దర్జీ గురించి రాయదలచుకున్నాను. ఆయన పేరు ఎబెనేజర్ బటరిక్. ఆయన సిద్ధాంతాలేవీ కనిపెట్టలేదు. పల్చని కాగితాన్ని కత్తిరించి, మడిచి, అమ్మాడు, అంతే. అయితే ఆ కాగితం వెనుకనున్న లెక్క తెలియక నేనొకసారి మా అమ్మ గుడ్డ పాడుచేశాను గనుక ఆయన విలువ నాకు బాగా తెలుసు.

మాది వ్యవసాయ కుటుంబం. ఇంట్లో పాత కుట్టుమిషను ఒకటి ఉంది. దాని మీద అమ్మ దిండు గలీబులు, సంచులు, మా చిన్నప్పటి లంగాలు కుట్టేది. తిన్నగా పోయే కుట్టు ఏదైనా సరే ఆమెకు లెక్కలేదు. జాకెట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆది జాకెట్టు పట్టుకుని టౌనుకు వెళ్ళాల్సిందే. ఇంటర్ సెలవుల్లో నేను ధైర్యం చేశాను. అక్క జాకెట్టును ఆదిగా పెట్టుకున్నాను. అమ్మకు ఛాతీ చుట్టు 4 అంగుళాలు ఎక్కువ కావాలి గనుక నాలుగు భాగాలకూ తలా ఒక అంగుళం పెంచాను. అక్కడితో ఆగితే బాగుండేది. మెడకూ, భుజానికీ కూడా అదే అంగుళం పెంచేశాను. కుట్టి వేసి చూస్తే ఛాతీ సరిపోయింది, మెడ మాత్రం భుజాల మీంచి జారిపోయింది. అది పత్తి అమ్మిన డబ్బులతో అమ్మ ఇష్టపడి కొనుక్కున్న గుడ్డ. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. తర్వాత చాలాకాలం ఆ గుడ్డ మిషను తుడవడానికి పనికొచ్చింది.

ఇటువంటి చిక్కే 1863 ప్రాంతంలో అమెరికాలో ఒక ఇల్లాలికి వచ్చింది. ఆమే బటరిక్ భార్య ఎలెన్.

బటరిక్ 1826 మే 29న మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టెర్లింగ్ అనే ఊళ్ళో పుట్టాడు. దర్జీ పని నేర్చుకుని దానితోనే సంసారం నడిపేవాడు. ఆయన యౌవనంలో ఉండగానే కుట్టుపనిలో పెద్ద మార్పు వచ్చింది. 1846లో ఎలియాస్ హోవే, 1851లో ఐజాక్ సింగర్ కుట్టుమిషన్లకు పేటెంట్లు పొందారు. తర్వాత వాయిదాల పద్ధతి వచ్చి మిషన్లు సామాన్యుల ఇళ్ళకు చేరసాగాయి. అయితే మిషను కుట్టగలదే గాని కత్తిరించలేదు. ఆ కాలపు గౌను పైభాగం ఒంటికి పట్టేసినట్టు ఉండేది. దాన్ని ఎలా కత్తిరించాలన్న విద్య దర్జీల చేతుల్లోనే ఉండిపోయింది. పత్రికలలో నమూనాలు వచ్చేవి గాని అవి ఒకే సైజువి. పెంచడం, తగ్గించడం ఎవరికి వారే చూసుకోవాలి.

ఎలెన్ తమ పసిబిడ్డకు గళ్ళగుడ్డతో చొక్కా కుడుతూ, పెద్ద నమూనాను చిన్న ఒంటికి తగ్గించలేక విసిగిపోయి, అన్ని సైజుల్లోనూ నమూనాలు దొరికితే ఎంత బాగుంటుందని భర్తతో అన్నదని చెబుతారు. దర్జీ అయిన బటరిక్‌కు ఆ మాట బుర్రకెక్కింది.

ఇందులో ఉన్న లెక్క పైకి కనిపించేటంత సులువు కాదు. మనిషి శరీరం అన్ని వైపులా ఒకే నిష్పత్తిలో పెరగదు. ఛాతీ 4 అంగుళాలు పెరిగితే మెడ వెడల్పు అంగుళంలో కొద్ది భాగమే పెరుగుతుంది. భుజమూ అంతే. నేను చేసిన పొరపాటు ఇదే. పైగా గుడ్డ చదునుగా ఉంటుంది, ఒళ్ళు వంపులుగా ఉంటుంది. చదునైన కాగితం నుంచి త్రికోణపు ముక్క మడిచి కలిపితే అది గరాటులా లేస్తుంది కదా! జాకెట్టుకు వేసే డాట్లు చేసే పనీ అదే. సైజు మారితే డాటు వెడల్పు, పొడవు, దాని కొన ఉండే చోటు కూడా చూసుకోవాలి. ఒక్కొక్క సైజుకు ఒక్కొక్క భాగం ఎంత మారాలో లెక్కకట్టి, సైజులవారీగా నమూనాలు తయారుచేసి బటరిక్ 1863లో అమ్మకానికి పెట్టాడు.

మొదట గట్టి అట్టతో చేశాడట. అవి మడతపడవు, పోస్టులో పంపడం కష్టం. అందుకని పల్చని టిష్యూ కాగితానికి మారాడు. కుటుంబమంతా ఇంట్లోనే కూర్చుని కత్తిరించి మడతలు పెట్టేవారు. ఇటలీ వీరుడు గరిబాల్డీ దళాల దుస్తుల తరహాలో మగపిల్లల కోసం తయారుచేసిన నమూనా బాగా అమ్ముడుపోయింది. వ్యాపారం న్యూయార్కు బ్రాడ్వేకు చేరింది. 1866లో ఆడవారి గౌన్ల నమూనాలు మొదలుపెట్టాక ఇక వెనక్కి చూసుకోలేదు. 1871లో ఒక్క ఏడాదిలోనే సుమారు 60 లక్షల నమూనాలు అమ్ముడయ్యాయి. 1873లో ప్రారంభించిన డెలినియేటర్ అనే పత్రిక 1937 దాకా నడిచింది.

ఆ కాగితాల మీద మనం ఊహించేటట్లు అచ్చుగీతలు ఉండేవి కావు. చిల్లులు, అంచుల్లో గాట్లు మాత్రమే గుర్తులు. నిలువు పోగు చూసుకుని కాగితాన్ని గుడ్డపై పరచాలి, గుండుసూదులు గుచ్చి కత్తిరించాలి. గాటుకు గాటు కలిపి కచ్చాకుట్టు వేసి ఒంటికి సరిచూసుకోవాలి. బాగుంటేనే మిషను ఎక్కించాలి. ఎక్కడో మారుమూల పొలాల మధ్య ఉన్న ఇల్లాలికి కూడా ఈ విద్య పోస్టులో చేరింది. అందుకే బటరిక్‌ను వట్టి వ్యాపారస్థుడని నేను అనుకోను.

1867లో భాగస్వాములు చేరి ఇ. బటరిక్ అండ్ కంపెనీ ఏర్పడింది. 1881లో అది బటరిక్ పబ్లిషింగ్ కంపెనీగా మారి, పెత్తనం భాగస్వామి వైల్డర్ చేతుల్లోకి వెళ్ళింది. బటరిక్ 1903 మార్చి 31న బ్రూక్లిన్‌లో మరణించాడు.

నన్ను ఆలోచింపజేసే సంగతి ఇంకొకటి ఉంది. చిక్కు ఎలెన్‌ది, కోరిక ఎలెన్‌ది, పేరు మాత్రం భర్తకు దక్కింది. ఇద్దరి పేర్లూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతాయి. కంపెనీ పేరులోని ఆ ఇ అక్షరాన్ని చూసినప్పుడల్లా అందులో సగం ఎలెన్‌దే అని నేను అనుకుంటాను.

ఈమధ్య సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు టేపుతో అమ్మ కొలతలు మళ్ళీ తీసుకున్నాను. ఈసారి ముందు పాత న్యూస్‌పేపరు మీద గీసి కత్తిరించాను. పాత చీర ముక్కతో కుట్టి చూసి, మెడ దగ్గర రెండుసార్లు సరిచేశాక గాని కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టలేదు. జాకెట్టు కుదిరింది. ఆ పేపరు కటింగును అమ్మ మడతపెట్టి ట్రంకుపెట్టెలో పొలం కాగితాల పక్కనే దాచుకుంది. ఇప్పుడు తన జాకెట్లు తనే కత్తిరించుకుంటోంది. మొన్న పక్కింటి పిన్ని అది అరువడిగితే, అది తన కొలతలదనీ, ఆమె కొలతలకు వేరే గీయాలనీ చెప్పి, వచ్చే సెలవులకు ఆ పని నాకు అప్పగించింది.